తంపర సరస్సులో బృంద కయాకింగ్: తొలిసారి వచ్చేవారితో ఎంత దూరం వెళ్ళవచ్చు?

నిశ్చలజలం (బరంపురం)

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరు రెండవ ఆదివారం ఉదయం మన గంజాం జిల్లా (ఒడిశా) ఛత్రపురం పక్కనున్న తంపర సరస్సులో అందరం కలిసి కయాకింగ్ చేయాలని, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవల్లో తిరగాలని సంకల్పించాము. ఇప్పటికి పదకొండు మంది పేర్లు ఇచ్చారు. వారిలో నలుగురే ఇంతకు మునుపు తెడ్డు పట్టినవారు. ఇద్దరికి ఈత రాదు. ఒకరు పన్నెండేళ్ళ పాప, తల్లితో కలిసి వస్తున్నది.

తంపర మంచినీటి సరస్సు కాబట్టి అక్కడ ఆటుపోట్ల బెడద లేదు, ఏటి వడి లేదు, ఏ మూల నుంచి చూసినా ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. 2021లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరిన తరువాత మన జిల్లాకు బయటివారు కూడా దాని పేరు వింటున్నారు. ఉదయం ఏడు గంటలకు బయలుదేరి, గంటన్నరలో సరస్సు ఆ చివరికి చేరి, అక్కడ ఫలహారం చేసి, పదకొండు గంటలకల్లా తిరిగి రావాలని నా ఆలోచన. ఇది తొలిసారి వచ్చేవారికి భారమవుతుందా అన్నది నా మొదటి ప్రశ్న. ఇది బాగా జరిగితే జనవరిలో సోనాపూర్ దగ్గర బాహుదా ఉప్పుటేరుకు వెళ్ళడం మేలా, రంభ దగ్గర చిలికా సరస్సుకు వెళ్ళడం మేలా అన్నది రెండవ ప్రశ్న. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా వ్రాయగలరు.

ఏటిగట్టు (ఛత్రపురం)

మీరు తంపరను ఎంచుకోవడం సరైనదే. అయితే మీ పథకంలో వెళ్ళే దారిని గురించి ఆలోచించినంతగా తిరిగివచ్చే దారిని గురించి ఆలోచించినట్టు కనిపించడం లేదు.

అలవాటైన మనిషి నిలకడ నీటిలో గంటకు నాలుగైదు కిలోమీటర్లు తేలికగా వెళ్తాడు. కొత్తవారు మూడు వెళ్తే గొప్ప. బృందంగా వెళ్ళినప్పుడు మధ్యమధ్య ఆగిపోవడాలు, వెనుకబడినవారి కోసం ఎదురుచూడడాలు, చేతులు మార్చుకోవడాలు అన్నీ కలిసి ఆ మూడు కూడా రెండున్నరకు దిగుతుంది. బృందం వేగం అంటే అందులో అందరికంటే నెమ్మదిగా నడిపేవారి వేగమే కనుక, గంటన్నరలో ఆ చివరికి అన్న లెక్క మీ నలుగురికి సరిపోతుంది గాని పదకొండు మందికి సరిపోదు.

గాలి సంగతి ఇంకా ముఖ్యమైనది. చలికాలంలో తెల్లవారుజామున నేల వైపు నుంచి సముద్రం వైపుకు సన్నని గాలి వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కిన కొద్దీ అది ఆగిపోయి, సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. అందువల్ల ఏడింటి గాలిని చూసి దారి నిర్ణయించుకోకూడదు. తొమ్మిదిన్నరకు గాలి ఎటు నుంచి వీస్తుందో ముందే ఊహించుకుని నిర్ణయించుకోవాలి. తంపర తీరానికి సమాంతరంగా పొడవుగా సాగిన సరస్సు కాబట్టి ఆ గాలి మనకు ఎదురుగానో వెనుక నుంచో కాక, పక్క నుంచి తగులుతుంది. మనం పట్టణం వైపు ఒడ్డున దిగి, అవతల సముద్రం వైపు ఒడ్డును ఆనుకుని నడిపితే, అక్కడి సరుగుడు చెట్ల చాటున నీరు నునుపుగా ఉంటుంది. ఎవరికైనా చేతులు అలసి తెడ్డు ఆపేసినా, గాలి వారిని మనం దిగిన ఒడ్డు వైపుకే నెట్టుకొస్తుంది. కొత్తవారితో వెళ్ళేటప్పుడు ఏ సరస్సు దగ్గరైనా నేను మొదట చూసేది ఇదే. అలసిపోయిన మనిషిని గాలి ఎక్కడికి తీసుకువెళ్తుంది? ఆ జవాబు నచ్చకపోతే ఆ రోజు అక్కడ దిగను.

రంభవాసి

ఏటిగట్టుగారు వ్రాసిన చివరి మాట విలువ మాకు రెండేళ్ళ క్రితం మార్చి నెలలో చిలికాలో తెలిసివచ్చింది. మీ రెండవ ప్రశ్నకు కూడా ఇందులో కొంత జవాబు ఉన్నదని నా నమ్మకం.

మేము ఎనిమిది మంది. కయాక్‌లు అద్దెకు ఇచ్చినవారి మనిషి ఒడ్డున నిలబడి, నీరు అద్దంలా ఉన్నదని, దీవి దాకా వెళ్ళిరావడానికి గంట చాలునని చెప్పాడు. నిజంగానే నీరు అద్దంలాగే ఉన్నది. వేసవి మొదలయ్యే ఆ రోజుల్లో చిలికా మీద దక్షిణపు గాలి బలంగా వీస్తుంది. రంభ ఊరు సరస్సుకు దక్షిణపు కొసన ఉన్నందువల్ల ఆ గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంది. ఒడ్డున నిలబడినవారికి చెట్లు, కొండలు అడ్డం కాబట్టి గాలి తగలదు. అల పుట్టడానికి చోటు చాలదు కనుక నీరు కదలదు. లోపలికి వెళ్ళిన కొద్దీ గాలికి ఖాళీ దొరుకుతుంది, అల పెరుగుతుంది. మాకు మాత్రం వెనుక నుంచి నెట్టే గాలి తెలియనే లేదు. మా చేతుల బలమే అంతటిదని సంబరపడ్డాము.

ఇరవై నిమిషాల్లో బీకన్ ద్వీపం దరిదాపులకు చేరిన మాకు తిరిగి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. కొత్తవారు ఇద్దరు కూర్చున్న కయాక్ గాలికి అడ్డం తిరిగింది. వారు ఎంత తెడ్డు వేసినా ముక్కు ఒడ్డు వైపుకు మళ్ళలేదు. అందరూ ఎవరి ప్రయత్నంలో వారు ఉండడం వల్ల, వారు వెనుకబడిన సంగతి సగం దూరం వచ్చేవరకు మాలో ఎవరూ గమనించలేదు. వలలు ఎత్తుకుని వస్తున్న ఒక జాలరి వారిని తన పడవకు కట్టుకుని తెచ్చాడు. వారిలో ఒకరు నా చెల్లెలు. ఆమె ఆ తరువాత మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఆమెను ఆ రోజు వెనుక వదిలివచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుచేత నా మనవి ఇది. ముందు ఒకరు, వెనుక ఒకరు అనుభవం ఉన్నవారు తప్పనిసరిగా ఉండాలి. ముందున్నవారిని ఎవరూ దాటకూడదు, వెనుకనున్నవారు ఎవరినీ వెనుక వదలకూడదు. ఇక రంభకు జనవరిలో రావచ్చు. మార్చి తరువాత కొత్తవారితో రావద్దు. వచ్చినా ఒడ్డు వెంబడి ఉండండి. నలబణ పక్షుల దీవి వరకు వెళ్ళాలన్న ఆశ కొందరికి ఉంటుంది. అది ఇక్కడికి చాలా దూరం, పైగా అది అభయారణ్యం. చలికాలంలో వచ్చే పక్షుల గుంపుల దగ్గరకు కయాక్ చప్పుడు లేకుండా వెళ్ళగలదు కాబట్టే మనం మరింత దూరం పాటించాలి. అవి ఉలిక్కిపడి లేచిన ప్రతిసారీ, తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకున్న శక్తిని ఖర్చు చేసుకుంటాయి.

పర్లాకిమిడి పాఠకుడు

ఈత రాని ఇద్దరిలో నేను ఒకడిని. వయసు యాభై నాలుగు. రంభవాసిగారు వ్రాసినది చదివిన తరువాత ఇంట్లో వద్దంటున్నారు. మా మహేంద్రతనయ ఒడ్డున పుట్టి పెరిగి కూడా మోకాలి లోతు దాటి ఎరుగని వాడిని. ఈ ఒక్కసారైనా నీటి మధ్యన కూర్చుని ఒడ్డును చూడాలని ఉన్నది. నేను రావడం వల్ల మిగిలినవారికి ఇబ్బంది అవుతుందంటే నిస్సంకోచంగా చెప్పండి, మానుకుంటాను.

గంజాం పంతులమ్మ

పాఠకుడుగారూ, మీరు తప్పక రండి. ఈత వచ్చినవారికంటే ఈత రానివారే లైఫ్‌జాకెట్‌ను శ్రద్ధగా కట్టుకుంటారని నేను చాలాసార్లు గమనించాను.

పన్నెండేళ్ళ పాప నా కూతురే. జాకెట్ విషయంలో నేను కొంచెం పట్టుదల మనిషిని కాబట్టి అందరినీ ఒకటి కోరుతున్నాను. అద్దెకు ఇచ్చే జాకెట్లలో కొన్ని ఏళ్ళ తరబడి ఎండలో పడి, లోపలి నురుగు నలిగి, తేలే గుణం పోగొట్టుకుని ఉంటాయి. పట్టీలు బిగించిన తరువాత భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది చెవుల దాకా లేచి వచ్చిందంటే నీటిలో మనిషి కిందికి జారిపోతాడు, జాకెట్ పైన మిగులుతుంది. తరువాత నడుము లోతు నీటిలో నిలబడి, మోకాళ్ళు ముడిచి, గడ్డం నీటికి పైన ఉంటున్నదో లేదో చూసుకోవాలి. పిల్లలకు పెద్దల జాకెట్‌నే బిగించి కట్టి సరిపెట్టకూడదు. వారి బరువుకు తగినది, కాళ్ళ మధ్య నుంచి పట్టీ వచ్చేది కావాలి. మా పాపకు అటువంటిది కొన్నాను.

ఆడవారికి ఇంకొక మాట. చున్నీ, చీర కొంగు, వదులైన పైజామా వద్దు. తడిసిన గుడ్డ కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవారికైనా కష్టమే. జాకెట్‌కు ఒక ఈల కట్టుకోండి. మూడుసార్లు ఊదితే సహాయం కావాలని అర్థమన్నది అందరికీ ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే గాలిలో మాట వినిపించదు.

ఏటిగట్టు (ఛత్రపురం)

పంతులమ్మగారు చెప్పిన నడుము లోతు పరీక్షతోనే మరొక పని కూడా పూర్తి చేద్దామని నా ప్రతిపాదన. మొదటి గంట ఎక్కడికీ వెళ్ళవద్దు. ఛాతీ లోతు నీటిలో ప్రతి ఒక్కరూ ఒకసారి కావాలని బోల్తా పడి, తిరిగి ఎక్కాలి.

మనం తెచ్చేవి పైన కూర్చునే రకం కయాక్‌లు. లోపల కాళ్ళు దూర్చుకునే రకంలో నీరు నిండితే తోడిపోయాలి. వీటిలో ఆ బాధ లేదు, పడినవారు ఎక్కడా ఇరుక్కోరు. బోల్తా పడగానే చేయవలసిన మొదటి పని తెడ్డును, కయాక్‌ను వదలకుండా పట్టుకోవడం. కయాక్ తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది, గాలికి మనకంటే వేగంగా కొట్టుకుపోతుంది. ఒడ్డు దగ్గరే కదా అని దానిని వదిలి ఈదేవారే ప్రమాదంలో పడతారు. తరువాత దానిని వెల్లకిలా తిప్పాలి. పక్కకు వచ్చిన మరొక కయాక్‌లోని మనిషి, రెండింటినీ ఆనించి ఒకరి ముక్కు వద్ద మరొకరి తోక ఉండేలా గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు పడినవారు కాళ్ళను నీటి పైకి తెచ్చి, తన్నుతూ, పొట్ట మీద కయాక్‌పైకి జారి, మెల్లగా తిరిగి కూర్చోవాలి. కాళ్ళు నీటిలో కిందికి వేలాడుతుండగా చేతులతో పైకి లాగుకోవాలని చూస్తే కయాక్ మళ్ళీ మీదనే తిరగబడుతుంది. ఇది చదివితే వచ్చే విద్య కాదు, రెండుసార్లు పడితే వస్తుంది.

పాఠకుడుగారు నాతో ఇద్దరు కూర్చునే కయాక్‌లో ముందు కూర్చుంటారు. వెనుక నుంచి దారి నేను చూసుకుంటాను.

దిగపహండి నుంచి

తంపరలో ఆదివారాలు సందడి ఎక్కువ. మా దగ్గర ఘోడాహడ జలాశయం చుట్టూ కొండలతో ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. అక్కడికి ఎందుకు రాకూడదు?

రంభవాసి

ఘోడాహడ అందమైన చోటే, కాదనను. కాని అందులో మొసళ్ళు ఉన్నాయి. నీటికి జానెడు ఎత్తున కూర్చుని చేసే ప్రయాణం అక్కడ వద్దు. గట్టు మీద నుంచి చూసి ఆనందిద్దాము.

సముద్రపు పల్లె (గోపాల్‌పూర్)

బాహుదాను గురించి అడిగారు కనుక వ్రాస్తున్నాను. మా తాతల నాటి నుంచి సముద్రపు వేటే మా కుటుంబానికి ఆధారం. ఒడియావారు మమ్మల్ని నోలియాలంటారు. ఇంట్లో మేము మాట్లాడేది తెలుగే. నేను ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నా, ఆటుపోట్ల లెక్క మా నాన్నగారి దగ్గరే నేర్చుకున్నాను.

తంపరలో గాలి ఒక్కటే చూసుకుంటే చాలు. ఉప్పుటేరులో గాలి, పోటు, పాటు మూడూ కలుస్తాయి. పోటు సముద్రం నుంచి లోపలికి తోస్తుంది. పాటు సమయంలో ఏటి నీరు, వెనక్కి తీసే సముద్రపు నీరు రెండూ కలిసి మొగ వైపుకు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు వైపుకు లాగుతాయి. సోనాపూర్ దగ్గర బాహుదా సముద్రంలో కలిసే చోట ఇసుక మేటల మీద అలలు విరుగుతుంటాయి. మేటలు జరుగుతూ ఉంటాయి కాబట్టి నిరుడు చూసిన దారి ఈ ఏడు ఉంటుందని నమ్మకూడదు. పాటులో అలసిపోయిన మనిషిని నీరు ఎక్కడికి తీసుకువెళ్తుందని ఏటిగట్టుగారి ప్రశ్ననే మళ్ళీ వేసుకుంటే, జవాబు ఆ మొగలోకే. అందువల్ల మొగకు బాగా ఎగువన దిగి, పోటు ఇంకా ఎక్కుతుండగానే దానితో కలిసి పైకి వెళ్ళి, పోటు నిండి నీరు నిలిచిన వేళకు తిరుగుముఖం పట్టి, పాటు వడి అందుకోకముందే ఒడ్డు చేరాలి.

పోటుకు పోటుకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ ఎత్తుకు ఎక్కి ఎక్కువ లోతుకు తీస్తుంది కాబట్టి వడి ఎక్కువ. అష్టమి ప్రాంతంలో మందంగా ఉంటుంది. కొత్తవారితో వెళ్ళేటప్పుడు అష్టమి, నవమి మేలని అందరూ చెబుతారు. అది నిజమే గాని, అందులో ఒక చిక్కు ఉన్నది. ఒక రేవులో పౌర్ణమి నాడు పోటు ఏ వేళకు నిండుతుందో, ప్రతి పౌర్ణమికీ ఇంచుమించు ఆ వేళకే నిండుతుంది. అష్టమికి వచ్చేసరికి అది ఆరు గంటలు పక్కకు జరుగుతుంది. కాబట్టి మందమైన నీరు, పొద్దుటి పోటు, గాలి లేని వేళ మూడూ ఒకే రోజున కుదరకపోవచ్చు. అటువంటప్పుడు నేనైతే మందమైన నీటినే ఎంచుకుని, దూరాన్ని తగ్గించుకుంటాను.

గాలి ఒకవైపు నుంచి, పాటు మరొకవైపు నుంచి ఎదురెదురైతే పొట్టి అలలు నిటారుగా లేస్తాయి. పెద్ద పడవకు అవి లెక్కలోనివి కావు. కయాక్‌ను అవే ముంచుతాయి.

బాహుదా తీరం (ఇచ్ఛాపురం)

ఏరు మా ఊరి పక్క నుంచి వెళ్ళి అవతలి రాష్ట్రంలో సముద్రంలో కలుస్తుంది కాబట్టి రెండు వైపుల జాలరులతోనూ నాకు పరిచయం ఉన్నది. పోయిన ఏడు ఒక బృందం వచ్చి, అడ్డంగా కట్టిన వలను తెడ్డుతో ఎత్తి కిందుగా వెళ్ళబోయి చింపివేసింది. వారికి అది ఒక ఆటంకం. కట్టినవారికి అది ఆ నెల బియ్యం. చిలికాలోనూ ఇదే మాట వర్తిస్తుంది: వెదురు గుంజలు వరుసగా కనిపిస్తే అక్కడ వల ఉన్నట్టే, చుట్టూ తిరిగి వెళ్ళాలి. గుంజకు కయాక్ కట్టి ఫొటోలు తీసుకోవడం కూడా వద్దు.

దిగేముందు ఒడ్డున ఉన్నవారిని అడగడం మర్యాద మాత్రమే కాదు. వల ఎక్కడున్నదో, ఊబి ఎక్కడున్నదో, నిన్న నీరు ఎట్లా ఉన్నదో వారికంటే ఎవరికీ తెలియదు. మీరు ఎప్పుడు తిరిగివస్తారో వారిలో ఒకరికి చెప్పి వెళ్ళండి, రాగానే కనిపించి వెళ్ళండి.

నిశ్చలజలం (బరంపురం)

అందరికీ కృతజ్ఞతలు. పథకాన్ని పూర్తిగా మార్చాను. ఆ చివరికి వెళ్ళడం లేదు. ఆరున్నరకు చేరుకుని, జాకెట్ పరీక్ష, బోల్తా సాధన పూర్తి చేసిన తరువాత రెండు జట్లుగా అవతలి ఒడ్డుకు దాటి, దానిని ఆనుకుని వీలైనంత దూరం వెళ్తాము. మొదటిది ఏటిగట్టుగారి జట్టు, రెండవది నాది. రంభవాసిగారు అందరికంటే వెనుక ఉండడానికి ఒప్పుకున్నారు. తొమ్మిది గంటలకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనుదిరుగుతాము. అంతకు ముందే ఏ ఒక్కరు చాలన్నా, కారణం అడగకుండా అందరమూ వెనుదిరుగుతాము. ఆ ఆదివారానికి ముందు రెండు మూడు రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నట్టు వాతావరణ శాఖ ప్రకటిస్తే ప్రయాణం ఉండదు. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటిన చోటు మనది, ఈ విషయంలో వాదన అవసరం లేదనుకుంటాను.

నిశ్చలజలం (బరంపురం)

ఆదివారం వెళ్ళివచ్చాము. పదకొండు మందికి తొమ్మిది మందే వచ్చారు.

బోల్తా సాధనకు గంట అనుకున్నది గంటన్నర పట్టింది. పాప మొదటిసారికే ఎక్కి కూర్చుని, వాళ్ళ అమ్మకు ఎట్లా ఎక్కాలో నేర్పింది. అద్దెకు తెచ్చిన జాకెట్లలో రెండింటిని పక్కన పెట్టవలసి వచ్చింది. అదనంగా మూడు తెచ్చినందువల్ల సరిపోయాయి. ఎనిమిది గంటలకు బయలుదేరి అవతలి ఒడ్డు చేరాము. సరుగుడు చెట్ల చాటున నీరు ఎంత నిలకడగా ఉన్నదంటే, కొంతసేపు అందరమూ తెడ్లు ఒళ్ళో పెట్టుకుని మాట్లాడకుండా ఉండిపోయాము. తొమ్మిదికి పది నిమిషాల ముందు రెండవ జట్టులో ఒకరు భుజం నొప్పి అన్నారు, తిరిగాము. చెట్ల చాటు దాటగానే గాలి తగిలింది. ఒక కయాక్ మా వరుస తప్పి చాలా దూరం పక్కకు జరిగింది గాని, ఏటిగట్టుగారు చెప్పినట్టు అది పట్టణం ఒడ్డుకే చేరింది. రంభవాసిగారు దాని పక్కనే ఉన్నారు.

పర్లాకిమిడి పాఠకుడు

మూడవసారి పడినప్పుడు నాకై నేనే ఎక్కగలిగాను. ఇంట్లో ఫొటో చూపించాను, ఎవరూ ఏమీ అనలేదు. బాహుదాకు నా పేరు కూడా వ్రాసుకోండి. రంభవాసిగారూ, మీ చెల్లెలు రాదలచుకుంటే ఏటిగట్టుగారి కయాక్‌లో ముందు చోటు ఆమెకు ఇస్తాను.

సముద్రపు పల్లె (గోపాల్‌పూర్)

జనవరిలో అష్టమి ఏ వారం పడుతున్నదో పంచాంగం చూసి, సోనాపూర్ వెళ్ళి ఆ ముందటి అష్టమి నాడు పోటు ఏ వేళకు నిండుతున్నదో గట్టున కూర్చుని చూసి వస్తాను. అంతవరకు తేదీ ప్రకటించవద్దని మనవి.